తాళాలు ఇచ్చే ముందు

బుచ్చిరెడ్డిపాళెం

అల్లుడూ,

డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో ఉన్న పాత మేటర్‌ని, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్ రాసి అందరికీ ఊరికే ఇస్తున్నావు గదా, దాన్ని ఇక వదిలేస్తానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒంగోలులో పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి పదకొండుకి ఊరూ పేరూ తెలియనివాళ్ల ఫిర్యాదులు చదవడం ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. పదకొండేళ్లు చేశాను. వదిలేయాలనుంటే వదిలెయ్, తప్పేం లేదు. కోపంలో మాత్రం ఎవరి చేతిలోనూ తాళాలు పెట్టకు.

ఆ తప్పు నేను చేశాను. మా నాయన నెల్లూరులో ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను. చేతిలో మందుల చీటీ, జేబులో ఫోన్ గుయ్‌మంటానే ఉంది. నేను రాసి ఊరికే ఇచ్చిన కోడ్ లైబ్రరీ మీద వ్యాపారం నడుపుకుంటూ నాకు ఒక్క రూపాయి ఇవ్వని కంపెనీ వాళ్లు, ‘ఫిక్స్ ఎప్పుడు?’ అని మూడోసారి. విసుగొచ్చి, అంతకుముందు రెండు చిన్న మార్పులు పంపిన కుర్రాడికి కొత్త వర్షన్ రిలీజ్ చేసే పర్మిషన్ ఇచ్చేశాను. పిల్లాడు మంచివాడే. టెస్టులు నడపకుండా వదిలిన వర్షన్‌ని సరిచేసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది, అంతటితో పోయింది.

ఫైళ్ల సైజు తగ్గించే ఎక్స్‌జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని చూసుకునే లాస్సే కాలిన్‌కి ఆ అదృష్టం లేకపోయింది. ఇది జీతం లేని పని, మానసికంగా బాగాలేదు అని ఆయన 2022లో చెప్పుకున్నాడు. వేరొకరికి అప్పగించమని కొందరు వెంటపడ్డారు. జియా టాన్ పేరుతో ఒకడు రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, 2024లో అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి బయటపడింది. అలసిపోయిన మనిషిని చూసుకునే వస్తారురా అట్టాంటివాళ్లు.

డబ్బు సంగతికొస్తాను. నా చిన్నప్పుడు మా చెరువుకి నీరుగంటి ఉండేవాడు. రోజూ తూము దగ్గర కాపలా, ఏ మడికి ఎంత నీళ్లో ఆయన లెక్క. ఆయనకి కల్లంలోనే వడ్లు కొలిచేవాళ్లు. దాన్ని ఎవరూ దానం అనుకోలేదు. పూడిక తీయడానికి మాత్రం ఎండాకాలంలో ఇంటికొక మనిషి రావాల్సిందే. ఆ పనంతా నీరుగంటి నెత్తిన వేసినవాడు లేడు. నువ్వు రెండు పనులూ ఒక్కడివే చేస్తున్నావు, పైగా వడ్లు అడగడానికి సిగ్గుపడుతున్నావు.

నీ కోడ్ ఉంచిన పేజీలో, డబ్బు పంపే స్పాన్సర్ బటన్ చూశాను. దాంతో టీ ఖర్చులు వస్తే గొప్ప. వెబ్‌సైట్లకి వెళ్లే సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ అంతటిదానికే 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడేనాటికి విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. ప్రపంచంలో ఎన్నెన్నో సైట్లు దాని మీద నడుస్తుంటే! ఇల్లు అంటుకున్నాకే పెద్ద కంపెనీలు కలిసి నిధి పెట్టాయి. అందుకని ఊరికే ‘సాయం చేయండి’ అనకు. వాడుకుంటున్న ప్రెస్సుల వాళ్లకీ, పత్రికల వాళ్లకీ పని పేరు చెప్పి రాయి: ‘వొత్తులు తప్పు అక్షరానికి అంటుకునే సమస్య తీర్చాలంటే నలభై గంటలు, ఇంత అవుతుంది, బిల్లు ఇస్తాను.’ నేను చూసినంతలో, విరాళమంటే పదిమందిని అడగాల్సిన మేనేజర్ బిల్లు మీద మాత్రం సంతకం పెట్టేస్తాడు. బెంగళూరులో షేర్ల బ్రోకర్లు జెరోధా వాళ్లు ఇట్టాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం 2024లో ఫ్లాస్ ఫండ్ మొదలుపెట్టారు, ఏడాదికి 10 లక్షల డాలర్లు. ఒక్కో ప్రాజెక్టుకి 10,000 నుంచి లక్ష డాలర్ల దాకా. మనలాంటి చిన్నవాళ్లకి వస్తుందని ఆశపెట్టుకోకు గానీ, వాళ్లు అడిగే ఫండింగ్ ఫైలు రాసిపెట్టు. ఎంత కావాలో, దేనికో నీకే తేటపడుతుంది. వచ్చిన ప్రతి రూపాయీ, పోయిన ప్రతి రూపాయీ అందరికీ కనపడేట్టు పెట్టు. డబ్బు దగ్గర చెడినన్ని స్నేహాలు కోడ్ దగ్గర చెడవు.

పని పంచడమంటే కోడ్ రాసేవాళ్లనే వెతుకుతున్నావు. నెల్లూరు ట్రంకు రోడ్డులో డీటీపీ చేసేవాళ్లని అడిగావా? మార్చిన పేజీలో తప్పు మాట ఎక్కడుందో నీకన్నా ముందు వాళ్ల కన్నే పట్టేస్తుంది. పరీక్షకి పనికొచ్చే పేజీలు వాళ్ల దగ్గర మూటలు మూటలుగా ఉంటాయి. వాళ్లకి కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్ వాడటం రానక్కర్లేదు, వాట్సాప్‌లో ఫొటో పంపితే చాలు. దాన్ని అక్కడ ఇష్యూగా, అంటే ఫిర్యాదుగా, ఎక్కించడానికి ఒక కాలేజీ పిల్లని పెట్టుకో. ఏడాది చూసి, నీ తప్పు నీకు చెప్పగలిగినవాళ్లు ఉంటే అప్పుడు మెర్జ్ చేసే, అంటే మార్పుల్ని అసలు కోడ్‌లో కలిపే, హక్కు ఇవ్వు. రిలీజ్ హక్కు ఇంకా తర్వాత.

ఇవన్నీ కావాలంటే నీ బుర్రలో ఉన్నది కాగితం మీదికి రావాలి. రిలీజ్ ఎట్టా చేస్తావో మొదటి నుంచి చివరిదాకా రాయి. వచ్చే ఆదివారం కావలి దాకా రా, నేనూ వస్తాను, మీ పిన్నమ్మ ఇంట్లో కూర్చుందాం. ఆ కాగితం చూసి రిలీజ్ నేను చేస్తాను. నువ్వు పక్కనే ఉండు, నోరు మాత్రం తెరవకు. నేను ఎక్కడ ఆగిపోతానో అక్కడ పెన్నుతో గుర్తు పెట్టుకో.

మీ మామయ్య