క్యామ్, హెడ్ మార్చాక వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ ఎలా చూసుకోవాలి?

మీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500కి హై లిఫ్ట్ క్యామ్ (వాల్వుని మామూలుకంటే ఎక్కువ తెరిచేది) తెప్పించానన్నారు, హెడ్‌లో పెద్ద ఇన్‌లెట్ వాల్వు పెట్టించి ఫేసింగ్ (హెడ్ అడుగు ముఖాన్ని పలచగా చెక్కడం) కూడా చేయించానన్నారు. మెకానిక్ గారు కిక్కర్‌తో నాలుగు చుట్లు తిప్పి "ఎక్కడా తగల్లేదు, బిగించేద్దాం" అంటే అది సరిపోతుందా అని మీ ప్రశ్న. సరిపోదండీ. దయచేసి అలా బిగించకండి.

చేత్తో తిప్పితే తగల్లేదంటే ఖాళీ ఎంతో కొంత ఉందని తెలిసింది, అంతే. కాయితం మందం ఉన్నా తగలదు. రేసు పెంచినప్పుడు పరిస్థితి వేరు. వాల్వు స్ప్రింగు క్యామ్ వేగాన్ని అందుకోలేక వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ కొంచెం సాగుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు వేడికి పొడుగవుతుంది. అందుకే ఇంజిన్లు కట్టేవాళ్లు ఇన్‌లెట్ వైపు కనీసం 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. ఉంచుకుంటారు. క్యామ్‌తో వచ్చిన కాయితంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి.

ఎక్కడ చూడాలన్నది కూడా ముఖ్యమే. క్యామ్ లిఫ్ట్ ఎంత అనే అందరూ అడుగుతారు గానీ, పూర్తి లిఫ్ట్ వచ్చేసరికి పిస్టన్ చాలా కిందికి వెళ్లిపోయి ఉంటుంది. ప్రమాదమంతా ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర, రెండు వాల్వులూ కాస్త తెరుచుకుని ఉండే ఓవర్‌ల్యాప్‌లో. టీడీసీకి (పిస్టన్ అన్నిటికంటే పైకి వచ్చే చోటుకి) సుమారు 10 డిగ్రీల ముందు పిస్టన్ ఎగ్జాస్ట్ వాల్వుని తరుముకుంటూ వస్తుంది. టీడీసీ దాటిన 10 డిగ్రీల దగ్గర ఇన్‌లెట్ వాల్వు పిస్టన్ వెంట పడుతుంది. సరిగ్గా టీడీసీలో మాత్రమే కొలిస్తే అసలు దగ్గరయ్యే చోటు తప్పిపోతుంది.

ఇక మీ బండికి ప్రత్యేకంగా చెప్పాల్సింది టాపెట్ల గురించి. యూసీఈ అని పిలిచే మీ బండి ఇంజిన్‌లో ఉన్నవి హైడ్రాలిక్ టాపెట్లు, అంటే క్యామ్ కదలికని వాల్వు వైపు అందిస్తూ, ఆయిల్ ప్రెజర్‌తో లూజుని తామే సర్దుకునేవి. ఆయిల్ ప్రెజర్ లేకుండా నెమ్మదిగా తిప్పితే వాల్వు స్ప్రింగు ఒత్తిడికి అవి లోపలికి కుంగుతాయి, వాల్వు పూర్తిగా తెరుచుకోదు, ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో మా దగ్గరికి ఒక బండి ఇలాగే వచ్చింది. వేరేచోట పిస్టన్ మీద మెత్తటి క్లే పెట్టి, వాల్వు నొక్కాక మిగిలిన మందం చూశారట, కొలత బాగానే వచ్చిందట. గుంటూరు హైవే మీద లాగించేసరికి కంప్రెషన్ పోయింది. హెడ్ ఎత్తితే పిస్టన్ నెత్తిన నల్లటి కార్బన్ మధ్యలో నెలవంక ఆకారంలో తళతళా మెరిసే గీత. ఎగ్జాస్ట్ వాల్వు వంగిపోయి ఉంది. క్లే పెట్టినవాళ్లు టాపెట్లని అలాగే వదిలేశారు! పాత టాపెట్ జత ఒకటి సంపాదించి, లోపలి స్ప్రింగు తీసి, సరిపడా వాషర్లు వేసి కదలకుండా చేయించండి. వాల్వు మూసి ఉన్నప్పుడు లూజు సున్నా ఉండాలి, అలాగని వాల్వుని ఎత్తిపట్టకూడదు. ఆ టాపెట్లు చెకింగ్‌కి మాత్రమే.

తర్వాత పని సులువే. పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే బీసెంట్ రోడ్డులో ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది. మన ఎండలకి మెత్తబడి కారుతుంది కాబట్టి ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. పిస్టన్ మీద వాల్వుల కోసం ఉన్న గుంటల్లో అద్ది, వాల్వు ముఖాలకి ఆయిల్ రాయండి, లేకపోతే అంటుకుపోతుంది. కొత్త గ్యాస్కెట్ వద్దు, ఇదివరకే నలిగిన పాతది వేసి హెడ్‌ని పూర్తి టార్క్‌తో బిగించండి. ప్లగ్గు తీసేసి, కిక్కర్‌తో కాకుండా స్పానర్‌తో క్రాంకుని మెల్లగా రెండు పూర్తి చుట్లు, నడిచే దిశలోనే తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయొద్దు. హెడ్ తీశాక వాల్వు ముద్రని బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నిటికంటే పలచగా ఉన్న చోట వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టండి. క్లే అంచు కూడా చూడండి. మీది పెద్ద వాల్వు కాబట్టి గుంట గోడకీ వాల్వు అంచుకీ మధ్య కనీసం 1.5 మి.మీ. ఉండాలి. లోతు సరిపోయి పక్కన తగిలే బండ్లూ ఉంటాయి.

కొలత తక్కువొస్తే కొందరు మందపు గ్యాస్కెట్ వేసేస్తారు. ఫేసింగ్ చేయించి పెంచుకున్న కంప్రెషన్ అక్కడే పోతుంది కాబట్టి నాకది నచ్చదు. పిస్టన్‌లో గుంట లోతు చేయించడమే మేలు. కానీ లేత్‌కి ఇచ్చేముందు గుంట కింద పిస్టన్ నెత్తి మందం కొలిపించండి. కోశాక 5 మి.మీ. మిగలకపోతే ఆ పిస్టన్ పక్కన పెట్టి వేరేది చూసుకోండి. గుంట కోయించాక మళ్లీ క్లే పెట్టి కొలిచాకే అసలు టాపెట్లు ఎక్కించండి.