ఎడారి గులాబీ మొదలు అంత లావుగా ఎందుకు ఉబ్బుతుంది? అది గులాబీ జాతేనా?

కాదు, అడీనియం అనే ఈ పొద గులాబీ జాతి కాదు, గన్నేరు కుటుంబానిది. మొదలు ఉబ్బేది నీళ్లు దాచుకోవడానికి.

వాన ఎప్పుడో గానీ పడని రాతినేలల్లో పుట్టిన మొక్క ఇది. పడిన నాలుగు చినుకులనూ వేర్లు గబగబా పీల్చి, మెత్తటి కణాలున్న కాండంలో నింపుకుంటాయి. ఎండలు ముదిరితే ఆకులు రాల్చేస్తుంది. ఆకు లేకపోతే ఆవిరైపోయే నీరు బాగా తగ్గుతుంది కదా! ఆ మోడు కొమ్మల మీదే గులాబీ రంగు పూలు విచ్చుకుంటాయి. పేరులో గులాబీ వచ్చింది ఈ రంగు వల్లే అనుకోవచ్చు, పువ్వు ఆకారం మాత్రం బూర లాగా ఉంటుంది.

అరేబియా సముద్రంలో యెమెన్‌కు చెందిన సొకోట్రా దీవి చూడండి. అక్కడి అడీనియంలు సున్నపురాయి గుట్టల పగుళ్లలో, మట్టి దాదాపు లేనిచోట వేళ్లూని, సీసా ఆకారంలో చెట్టంత ఎదుగుతాయి. కొన్నింటి మొదలు మీటరుకు పైగా వెడల్పు ఉంటుంది.

నీళ్లు ఎక్కువ పోస్తే మొదలు ఇంకా లావవుతుందని చాలామంది అనుకుంటారు. కుండీలో ఈ మొక్కలు ఎక్కువగా చచ్చేది అందుకే: తడి ఆరకపోతే వేర్లు కుళ్లిపోతాయి. కాక్టస్ అనుకోవడం కూడా పొరపాటే. అన్నట్టు, దీని పాలు విషం, గుండె మీద పనిచేస్తాయి. కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోవాలి.