కాల్చకుండా కోసే కాంతి

ప్రశ్న: గుండె రక్తనాళాల్లో అమర్చే స్టెంట్లను ఫెమ్టోసెకండ్ ఫైబర్ లేజర్‌తో కోస్తారని చదివాను. లేజర్ అంటేనే వేడి కదా, లోహం కాలకుండా ఎలా తెగుతుంది? ఇందులో ఫైబర్ పని ఏమిటి? పరిశోధనలో కూడా దీన్ని వాడతారా?
– ఒక పాలిటెక్నిక్ విద్యార్థిని

జవాబు: మీ సందేహం సరైనదే. మామూలు లేజర్ లోహాన్ని కరిగించే కోస్తుంది. కరిగినది అంచున గట్టిపడి గరుకుగా మిగులుతుంది, పక్కనున్న లోహం గుణం కూడా వేడికి మారుతుంది. మిల్లీమీటరులో పదోవంతు మందం ఉండే స్టెంట్ కమ్మీలకు అది చిన్న లోపం కాదు.

సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకండ్. ఈ లేజర్ కాంతిని ఎడతెగకుండా కాక, కొన్ని వందల ఫెమ్టోసెకండ్లే ఉండే మెరుపులుగా, అంటే పల్సులుగా వదులుతుంది. సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి, 100 ఫెమ్టోసెకండ్లలో సాగేది 30 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్). తలవెంట్రుక మందం కూడా ఉండదు. లోహంపై పడిన కాంతిశక్తిని మొదట ఎలక్ట్రాన్లు అందుకుంటాయి. అవి దాన్ని పరమాణువులకు అప్పగించడానికి కొన్ని పికోసెకండ్లు, అంటే కొన్ని వేల ఫెమ్టోసెకండ్లు పడుతుంది. పల్సు అంతకు ముందే ముగిసిపోతుంది కనుక, వేడి పక్కకు పాకేలోపే పైపొర ఆవిరై ఎగిరిపోతుంది. అయితే వేడి అసలే ఉండదన్న ప్రచారాన్ని నేను ఒప్పుకోను: పల్సులు మరీ వెంటవెంటనే ఒకేచోట పడితే మిగిలిన కాస్త వేడి పోగవుతుంది, అందుకే పల్సుల మధ్య ఎడాన్నీ కిరణం కదిలే వేగాన్నీ జాగ్రత్తగా కుదర్చాలి.

ఇక ఫైబర్ సంగతి. ఇటర్బియం లేదా ఎర్బియం అనే మూలకం కలిపిన గాజు ఫైబరే ఇక్కడ కాంతిని పుట్టించి పెంచే పదార్థం. సన్నగా, పొడవుగా ఉండటం వల్ల దానిలోని వేడి తేలికగా బయటికి పోతుంది. కాంతి దారి చాలావరకు ఫైబర్‌లోనే ఉంటుంది కాబట్టి అద్దాలను మాటిమాటికీ సరిచేయాల్సిన పని తగ్గుతుంది. ప్రయోగశాల బల్ల మీది లేజర్ ఫ్యాక్టరీలో రోజంతా పనిచేయగలగడానికి ఇదొక ముఖ్య కారణం.

కానీ ఆ సన్నదనమే చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. సగటున 1 వాట్ మాత్రమే ఇచ్చే లేజర్, సెకనుకు 10 లక్షల పల్సులను ఒక్కొక్కటి 100 ఫెమ్టోసెకండ్ల చొప్పున వెలువరిస్తే, పల్సు ఉన్న ఆ క్షణాన శక్తి సుమారు 1 కోటి వాట్లకు చేరుతుంది. కొద్ది మైక్రాన్ల వెడల్పున్న ఫైబర్ కోర్‌లో (కాంతి సాగే నడిమి భాగంలో) అంత తీవ్రతను ఇరికిస్తే పల్సు ఆకారం చెదిరిపోతుంది, చివరికి గాజే దెబ్బతింటుంది. దీనికి దారి 1985లోనే దొరికింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ పల్సును ముందు కాలంలో సాగదీసి, ఆ పలచని రూపంలో బలాన్ని పెంచి, ఆఖరున మళ్లీ కుదించారు. సాగదీయడానికి వారు వాడింది 1.4 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్! ఈ పద్ధతికే 2018లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. నేటి శక్తిమంతమైన ఫెమ్టోసెకండ్ ఫైబర్ లేజర్లు చాలావరకు ఈ ఉపాయం మీదే నడుస్తున్నాయి.

పరిశోధనలోనూ వీటి వాడకం విస్తారంగా ఉంది. జీవకణజాలాన్ని కోయకుండానే లోపలి కణాలను చూపే రెండు ఫోటాన్ల మైక్రోస్కోపు ఒక ఉదాహరణ. నాకు అంతకన్నా అబ్బురంగా తోచేది కాంతి గడియారాల లెక్క. ఇవి పరమాణువులకు సరిపడే కాంతి కంపనాలను ‘టిక్’లుగా తీసుకుని కాలాన్ని కొలుస్తాయి. క్రమం తప్పని పల్సుల వరుసలోని రంగులను విడదీస్తే, దువ్వెన పళ్లలా సమాన ఎడంతో నిలిచిన వేల, లక్షల కాంతిరేఖలు కనిపిస్తాయి. సెకనుకు 4 కోట్ల కోట్ల సార్లకు పైగా ‘టిక్’ మనే స్ట్రాన్షియం గడియారాన్ని ఏ ఎలక్ట్రానిక్ పరికరమూ నేరుగా లెక్కపెట్టలేదు. ఈ దువ్వెన ఆ లెక్కను మన పరికరాలు అందుకోగల రేడియో పౌనఃపున్యాలకు దించి ఇస్తుంది.