పది లక్షల కారుకి లక్ష రూపాయల టైర్లా?

ప్రశ్న: మాది విజయవాడ. 2014 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు అమ్మితే పది లక్షలు రావచ్చు. నాలుగు టైర్లూ మార్చాలి. ఒక సర్వీస్ సెంటర్లో రన్‌ఫ్లాట్ టైర్లకి (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) 1,12,000 చెప్పారు, కార్డు మీద 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. బయట షాపులో మంచి కంపెనీ మామూలు ట్యూబ్‌లెస్ టైర్లు 56,000. ఇంకోచోట వాడిన రన్‌ఫ్లాట్లు నాలుగూ 24,000కే ఇస్తామంటున్నారు. కారులో స్టెప్నీ లేదు. ఏడాదికి ఏడు వేల కిలోమీటర్లు తిరుగుతాను, రెండు నెలలకోసారి హైదరాబాద్ వెళ్తాను. మా అమ్మాయి బీటెక్ ఈ ఏడాదే మొదలైంది. అది పూర్తయ్యేదాకా, నాలుగేళ్లు, ఈ కారే ఉంచుకుంటాను. బ్యాంకులో 2.2 లక్షలున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: పది లక్షల కారుకి లక్ష టైర్లా అన్న బాధ మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. కారు ధర సగానికి పైగా పడిపోయాక మీరు కొన్నారు గానీ, దాని విడిభాగాల ధరలు పడిపోలేదు. కొత్తలో కొన్నాయన టైర్లకి ఏ లెక్కన డబ్బు కట్టాడో మీరూ అదే లెక్కన కట్టాలి. పాత లగ్జరీ కారు కొన్న ప్రతివాళ్లకీ రెండో ఏడో మూడో ఏడో ఈ సంగతి తగులుతుంది. అందుకని టైర్ల ఖర్చుని కారు అమ్మకం ధరతో పోల్చకండి. ఈ నాలుగేళ్లకి నెలకి ఎంత పడుతుందో లెక్కేయండి.

ముందు ఆ 24,000 సంగతి. నా దగ్గరికి సలహాకి వచ్చే ఒకాయన ఇలాంటి టైర్లే కొనబోతుంటే నేనూ వెంట వెళ్లాను. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతున్నాయి, గాడి లోతు కూడా బాగానే ఉంది. ఫోన్ లైటు వేసి పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరస చివర చూస్తే 1119 అని ఉంది. అంటే 2019లో పదకొండో వారం తయారైన టైరు. బొటనవేలితో గోడని నొక్కి వంచితే వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్లు బయటపడ్డాయి. రన్‌ఫ్లాట్‌లో ఇంకో ప్రమాదం ఉంది. ఎవరైనా దాన్ని గాలి లేకుండా నడిపి ఉంటే లోపలి గోడ నలిగిపోయి ఉంటుంది, బయటికి ఏమీ తెలియదు. అలాంటి టైర్లు మహా అయితే ఏడాదిన్నర వస్తాయనుకోండి. నాలుగేళ్లలో మీరు అలాంటి సెట్లు రెండున్నరకి పైగా కొనాలి. మొత్తం 64,000 అవుతుంది. కొత్త మామూలు టైర్ల కంటే ఎక్కువ. దాన్ని పక్కన పెట్టేయండి.

ఇక మిగిలినవి రెండు. మామూలు టైర్లు 56,000, స్టెప్నీ లేదు కాబట్టి పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు కలిపి ఇంకో 4,000 వేసుకుంటే 60,000. నాలుగేళ్లకి నెలకి 1,250. రన్‌ఫ్లాట్లు 1,12,000, అంటే నెలకి 2,333. పంక్చరైనా ఆగకుండా, గంటకి 80 కిలోమీటర్లు మించకుండా, దాదాపు 80 కిలోమీటర్ల దాకా వెళ్లగలిగినందుకు మీరు నెలకి వెయ్యికి పైగా కడుతున్నారన్నమాట. ఇంట్లో ఆడవాళ్లో పెద్దవాళ్లో ఈ కారులో రాత్రిపూట ఒంటరిగా హైవే మీద వెళ్తుంటే ఆ వెయ్యి ఇవ్వండి, నేను వద్దనను. మీరు రాసినదాన్ని బట్టి ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతారు, రెండు నెలలకోసారి 65వ నంబరు హైవే ఎక్కుతారు. ఆ దారిలో సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ తగులుతూనే ఉంటాయి, సాయం దొరక్కపోదు. మీకు మామూలు టైర్లే సరైనవి. గోడలు మెత్తగా ఉంటాయి కాబట్టి గుంతల్లో కుదుపు కూడా తగ్గుతుంది. పంక్చర్ అయినా చాలాసార్లు అతుకుతో పోతుంది. రన్‌ఫ్లాట్‌ని గాలి లేకుండా నడిపాక మాత్రం మార్చక తప్పదు. అయితే నాలుగూ ఒకేసారి మార్చాలి. రెండు రన్‌ఫ్లాట్లు, రెండు మామూలువి కలిపి వేయనివ్వకండి.

రన్‌ఫ్లాట్ల ధర అంతలా ఉండటానికి ఒక కారణముంది. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి ప్రభుత్వ అనుమతి కావాలి. దేశంలోనే తయారయ్యే టైర్లు చూడండి. తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీ 2020 నుంచి నడుస్తోంది. ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొటేషన్‌లో ఏ శాతం వేశారో చూసుకోండి.

సైజు కారు డోరు అంచున ఉన్న స్టిక్కరు చూసి తీసుకోండి. మీ మోడల్‌కి సాధారణంగా 225/50 ఆర్17 ఉంటుంది. పక్కన 94 డబ్ల్యూ అని రాసి ఉంటే, ఒక్కో టైరు 670 కిలోలు మోస్తుందని, గంటకి 270 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుందని అర్థం. మన హైవేల మీద అంత వేగం ఎవరికి కావాలంటారా? ఆ అక్షరం వేడిని తట్టుకునే శక్తి కూడా చెబుతుంది. స్టిక్కరు మీదున్నదాని కంటే తక్కువ తీసుకోకండి, ముఖ్యంగా 94 అన్న అంకె దగ్గర రాజీపడొద్దు. లక్ష కిలోమీటర్లు వచ్చే టైరు అని చెప్పి ఎక్కువ గుంజితే మాత్రం వద్దనండి. నాలుగేళ్లలో మీరు తిరిగేది 28,000 కిలోమీటర్లు. మీ టైర్లు అరిగిపోయేలోపే వయసు మీద పడుతుంది. వానలో గట్టిగా పట్టే టైరుకి డబ్బు పెట్టండి.

పాత టైర్లు ఎందుకు అరిగాయో చూడకుండా కొత్తవి వేయించకండి. లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే తప్పు అలైన్‌మెంట్‌లోనో సస్పెన్షన్ బుష్‌లలోనో ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఈ 56,000 ఏడాదిలోనే అరిగిపోతాయి.

నో-కాస్ట్ ఈఎంఐ వద్దు. వడ్డీ మొత్తం డిస్కౌంటుగా ఇచ్చినా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా మీ మీదే పడతాయి. పైగా ఈఎంఐ కనబడితే మనసు 1,12,000 వైపు పోతుంది. మీ 2.2 లక్షల్లోంచి 60,000 కట్టేయండి, మిగిలిన 1.6 లక్షలు అమ్మాయి ఫీజుకీ అత్యవసరానికీ ముట్టకుండా ఉంచండి. నెలకి 5,000 చొప్పున ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వేసి ఏడాదిలో ఆ గుంత పూడ్చండి. ఆ తరువాత ఇదే ఆర్‌డీని 2,500కి తగ్గించి కారు పేరు మీద కొనసాగించండి. ఈ వయసు కారుకి బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, ఏసీ కంప్రెసర్ వరసలో ఉంటాయి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే ఏమీ రాదు. ప్రమాదంలో కారుతో పాటు దెబ్బతింటేనే, అదీ సగం ధరే ఇస్తారు.

షాపుకి వెళ్లినప్పుడు టైర్లు బిగించకముందే నాలుగింటి డాట్ అంకెలూ చదవండి. ఆరు నెలలు దాటినవి ఉంటే వేరేవి తెప్పించమనండి. బిగించాక కారు స్క్రీన్ మెనూలో టైర్లో గాలి తగ్గితే వచ్చే హెచ్చరికని రీసెట్ చేయించి, ఆ నాలుగు అంకెలూ బిల్లు మీద రాయించుకుని బయటికి రండి.