ఆమ్‌స్టర్‌డామ్‌లోని రాస్ప్‌హౌస్ జైలా, అనాథాశ్రమమా?

అనాథాశ్రమం కాదు. జైలే, కానీ పని చేయించే జైలు. క్లారిస్సే అనే క్రైస్తవ సన్యాసినుల పాత మఠంలో 1596లో నగరపాలకులు దీన్ని తెరిచారు. ఉరితీతలూ కొరడా దెబ్బలూ కుర్ర దొంగలను మార్చవని, కష్టం అలవాటైతే దారికొస్తారని వారి నమ్మకం. దేశదిమ్మరులనూ బిచ్చగాళ్లనూ కూడా ఇక్కడే పెట్టారు.

పని మాత్రం ఘోరం. మన పతంగి చెక్కకు దగ్గరి చుట్టమైన బ్రెజిల్ చెక్కను పెద్ద రంపాలతో పొడి చేయాలి. అది అద్దకానికి ఎర్ర రంగు. ఆ పొడి అమ్మే గుత్త హక్కూ ఈ జైలుకే దక్కింది! సంస్కరణ కన్నా వ్యాపారమే ఎక్కువ కనిపిస్తుంది నాకు. పైగా రుసుము కట్టి ఖైదీలను చూడటానికి జనం వచ్చేవారు.

ఆడవాళ్లకు నూలు వడికే స్పిన్‌హౌస్ వేరే ఉండేది. రాస్ప్‌హౌస్‌లో పని చేయనివారిని నీరు నిండే గదిలో దించి, మునగకుండా నీరు తోడుకోమనేవారన్న కథను చాలామంది చరిత్రకారులు నమ్మరు. రాస్ప్‌హౌస్ 1815లో మూతపడింది. హైలిఖెవెఖ్ వీధిలో దాని శిల్పద్వారం ఇప్పటికీ ఉంది.