సహాధ్యాపకులు మీ క్లాసు చూసి ‘బాగుంది’ అని మాత్రమే రాస్తుంటే

ఏం చూడాలో వారికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ కాగితం పైవారి చేతికి వెళుతుందన్న మొహమాటం దానికి తోడు.

1. పాఠానికి ముందే ఒక పది నిమిషాలు కలవండి. అందరూ వదిలేసేది ఇదే. ఒక్క విషయమే గమనించమనండి: ‘ప్రశ్న వేశాక నేను ఎన్ని సెకన్లు ఆగుతున్నాను?’ 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు బడి తరగతుల్లో గమనిస్తే, ఉపాధ్యాయులు ఆగింది సగటున ఒక సెకను. 3 సెకన్లు ఆగిన చోట జవాబులు పెద్దవయ్యాయి. యూనివర్సిటీ వాళ్లం మరీ ఓపికమంతులమేమీ కాదు.

2. తీర్పు వద్దు. ‘10:20: ప్రశ్న, తనే జవాబు చెప్పేశారు’ అన్నట్టు రాయమనండి.

3. ఆ కాగితం మీ దగ్గరే ఉండాలి, పదోన్నతి ఫైలులోకి వెళ్లకూడదు. ఈ మాట శాఖాధిపతి చేత ముందే చెప్పించండి.

4. తర్వాత వారి క్లాసుకు మీరు వెళ్లండి.