వసూలు ఏజెంటు వేధిస్తుంటే

ప్రశ్న: ఎప్పటిదో వ్యక్తిగత రుణం బాకీ ఉందంటూ ఒక వసూలు ఏజెంటు వేళాపాళా లేకుండా ఫోన్ చేస్తూ, ఆఫీసులో అందరికీ చెబుతానని బెదిరిస్తున్నాడు. ఎంతో కొంత కట్టేసి వదిలించుకోమంటారా?

జవాబు: తొందరపడి కట్టకండి. అసలు రుణదాత ఎవరు, అసలెంత, వడ్డీ ఎంత, వసూలుకు ఇతనికి అధికారం ఎవరిచ్చారు అన్న వివరాలను ముందుగా రాతపూర్వకంగా అడగండి. నిజమైన ఏజెంటైతే ఇవ్వడానికి వెనకాడడు. బాకీ పాతదైతే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే చాలా దేశాల్లో దావా వేయడానికి ఉన్న గడువు తీరకముందే మీరు కట్టే చిన్న మొత్తమైనా, బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన ఉత్తరమైనా ఆ గడువును మళ్లీ మొదటి నుంచి లెక్కించే వీలు కల్పిస్తాయి. వసూలు ఏజెంట్లు ఫోన్‌లో "ఈరోజు కొంచెమైనా వేయండి" అని అంతగా బతిమాలడం వెనుక, నా ఉద్దేశంలో, ఈ లెక్క కూడా ఉంటుంది.

బాకీ నిజమే అయినా బెదిరించే హక్కు ఎవరికీ లేదు. అమెరికాలో 1977 నాటి చట్టం సాధారణంగా ఉదయం 8కి ముందు, రాత్రి 9 తరువాత ఫోన్ చేయడాన్ని అనుమతించదు. భారత రిజర్వు బ్యాంకు 2022లో తన పరిధిలోని సంస్థలకు ఉదయం 8, సాయంత్రం 7 హద్దులుగా పెట్టి, నలుగురిలో అవమానించడాన్నీ నిషేధించింది.

ఫోన్ వచ్చిన తేదీ, సమయం, అన్న మాటలు రాసిపెట్టుకుని, రుణదాత సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏజెంటు సొంత ఖాతాకు మాత్రం పైసా కూడా పంపకండి.